చక్రధరం గారి స్టార్టప్ ఫైలు

మొగుణ్ణి పొద్దున్నే ఆన్ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో భ్రమరాంబకి బాగా తెలుసు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పడగ్గదిలోకి వెళ్లి, ఆయన కుడిచెవి వెనకున్న గుండీ నొక్కి వస్తే, పాలు పొంగే వేళకి చక్రధరం మంచం మీద లేచి కూచునేవాడు. కాకినాడలో ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్న మిగతా ఆడవాళ్లకి మొగుళ్లని లేపడానికి ఇంతకి మూడింతలు పట్టేది. పైగా వాళ్ల మొగుళ్లు లేచాక మాట్లాడేవాళ్లు.

చక్రధరం కరెంటాఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేశాడు. ఎక్కడైనా అనవసరంగా దీపం వెలుగుతోందంటే ఆయనకి ఒళ్లంతా దురద పుట్టేది. మనుషులు కూచునున్న గదిలోకొచ్చి ఫ్యాను ఆపేసి, "ఓహో, ఉన్నారా" అనేవాడు. రిటైర్మెంట్ ఇంకో ఏడాది ఉందనగా, మెట్ల దగ్గర పట్టపగలు వెలుగుతున్న బల్బుని విప్పడానికి స్టూలెక్కాడు. స్విచ్చు ఆయన భుజం పక్కనే ఉంది. కానీ స్విచ్చు ఆపితే ఎవడో ఒకడు మళ్లీ వేస్తాడని, బల్బే లేకపోతే ఏం చేస్తాడని ఆయన వాదన. ఆ వాదనతోపాటు కిందపడ్డాడు. నాలుగు నెలలు లేవలేదు. ఊపిరి ఉంది, గుండె కొట్టుకుంటోంది, మెలకువ ఒక్కటే రాలేదు.

వాకలపూడి రోడ్డులో డాక్టర్ జ్ఞానసుందరి అనే ఆవిడ ల్యాబు పెట్టి, ఇలాంటి వాళ్ల కోసమే అగ్గిపెట్టెంత కంప్యూటర్ ఒకటి తయారుచేసింది. దాన్ని చెవి వెనక అమర్చి, మెదడుని రోజూ పొద్దున్నే వరసగా మొదలుపెట్టించడం ఆవిడ ఆలోచన. చక్రధరాన్ని మొదటిసారి ఆన్ చేసిన రోజు భ్రమరాంబ, కూతురు హైమ, తమ్ముడు పాపారావు అక్కడే నిలబడి ఉన్నారు. పాపారావుకి భానుగుడి దగ్గర జిరాక్స్, ఇంటర్నెట్ షాపుంది. అందుచేత ఆ కుటుంబానికి అతనే శాస్త్రవేత్త.

"ఇందులో నడిచేది లైనక్సేనాండి?" అన్నాడు పాపారావు.

"అవునండి."

"ఫ్రీయే కదండి అది."

"సాఫ్ట్‌వేర్ ఫ్రీయేనండి. లోపలున్న మనిషి కాదు" అని జ్ఞానసుందరి గుండీ నొక్కింది.

పక్కనున్న మానిటర్ మీద నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. కాళ్లు, సరే. చేతులు, సరే. మింగడం, సరే. మాట, సరే. చక్రధరం లేచి కూచున్నాడు. కళ్లు తెరిచాడు. ఆ కళ్లు తాళం వేసిన ఇంటి కిటికీల్లా ఉన్నాయి.

"చెయ్యెత్తు" అంది డాక్టరు.

చెయ్యి లేచింది. "అయ్యింది" అన్నాడు చక్రధరం.

హైమ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయన ఇంకా రాలేదమ్మా. ఇది ఒళ్లు మాత్రమే" అంది డాక్టరు. "కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు అక్షరాలు పడతాయి, తర్వాత బొమ్మలతో అసలు తెర వస్తుంది కదా. ఆయనకీ అంతే. అదిగో, తెర మొదలైంది."

నిమిషం గడిచింది. లోపల ఎవరో తాళం తీసి కిటికీ రెక్కలు తోసినట్టు ఆ మొహంలోకి మనిషి వచ్చాడు. కళ్లు భార్య మీద ఆగాయి, కూతురి మీద ఆగాయి, పాపారావుని దాటేసి పైకి వెళ్లాయి.

"పగటిపూట ఇన్ని ట్యూబులైట్లెందుకు" అన్నాడు.

ముగ్గురూ భోరున ఏడ్చారు. ఆ ఏడుపు ముగియకముందే చక్రధరం రెండు చేతులతో కళ్లు మూసుకుని మూలగడం మొదలుపెట్టాడు.

"లోపలి తెర వెలుతురు ఆయనకి మరీ ఎక్కువగా ఉంది. ప్రతి చప్పుడూ మేకులా దిగుతుంది" అంది డాక్టరు. "వారం వారం తీసుకురండి, కొంచెం కొంచెం తగ్గిస్తాను. మూడు నెలల్లో మామూలు మనిషవుతారు. వారం తప్పకూడదు. సరిగ్గా ఏడాదికి చెవి వెనక చర్మం మూసుకుపోతుంది, ఆ రోజు సీలు వేసేస్తాం. అప్పటికి స్టార్టప్ ఫైల్లో, అంటే పొద్దున్నే ఏది ఏ వరసలో మొదలవ్వాలో రాసే ఫైల్లో, ఏం రాసుంటే, జీవితాంతం ఆయన అలాగే లేస్తారు."

రెండు వారాలు తీసుకెళ్లారు.

చక్రధరం తిరిగొచ్చాడన్న సంతోషం ఇంట్లో నాలుగు రోజులు నిలబడింది. అయిదో రోజు నుంచి తిరిగొచ్చింది చక్రధరం అన్న సంగతి అందరికీ అర్థమవడం మొదలైంది. పైగా ఇదివరకటి చక్రధరానికి తలనొప్పి లేదు. కుక్కర్ కూస్తే అరిచేవాడు. భ్రమరాంబ గాజులు కదిలితే పళ్లు నూరేవాడు. సాంబార్లో ముల్లంగి ముక్కలు ఒకే సైజులో లేవనేవాడు.

హైమకి ఏడో నెల. శుక్రవారం పెట్టుకున్న సీమంతం సంగతులు మాట్లాడుకోవడానికి ఆమె అత్తగారు రాజ్యలక్ష్మి స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. చక్రధరం కళ్లు చికిలించి ఆ డబ్బా వంక చూశాడు.

"వదినగారూ, దసరాకి మేం మీకిచ్చిన డబ్బానే కదండి ఇది. నేను కట్టిన తాడు కూడా విప్పలేదు మీరు."

ఆ తాడు చక్రధరం కట్టిందే. ఆ ముడి ఆయన తప్ప ఎవరూ వెయ్యరు. కాదనడానికి వీల్లేదు కాబట్టి, రాజ్యలక్ష్మి కాఫీ తాగకుండా లేచి వెళ్లిపోయింది.

"అమ్మా, శుక్రవారం సీమంతానికి నాన్న కూడా హాల్లో ఉంటే నేను ఉండను" అంది హైమ.

"ఉండకపోతే సీమంతం ఎవరికే?"

"నాన్నకి చేసుకో."

మర్నాడు పొద్దున్న, చక్రధరాన్ని ఇంకా ఆన్ చెయ్యకముందే, పాపారావు ల్యాప్‌టాప్‌తో దిగాడు. మంచం పక్కన స్టూలేసుకుని, బావ చెవి వెనక వైరు గుచ్చాడు.

"డాక్టరమ్మని అడగొద్దురా?" అంది భ్రమరాంబ.

"అడిగితే ఫారం నింపమంటారక్కా. ఫారం నింపితే ఎందుకంటారు. మా బావ నిజాలు చెప్తున్నాడండి అని రాస్తావా?"

తెర మీద ఫైలు తెరుచుకుంది. పాపారావు వేలితో చూపించాడు.

"ఇదిగో, ఈ లైన్లో 'తెరని మొదలుపెట్టు' అని ఉంది. కింది లైన్లో 'తెరని చూపించాల్సిన చోటు: మొహం, మాట' అని ఉంది. పైలైను నేను ముట్టుకోను. ముట్టుకుంటే అసలు లేవకుండా పోయాడనుకో, బావ ప్రాణం నా మెడకి చుట్టుకుంటుంది. కిందది మాత్రం 'ఎక్కడా వద్దు' అని పెడుతున్నాను. అంతే. ఒళ్లు లేస్తుంది, బావ లేవడు."

"మరి ఆయనెక్కడుంటారు?"

"నిద్రలో ఉంటాడక్కా. హాయిగా."

"శుక్రవారం దాటగానే మళ్లీ మార్చేస్తావుగా?"

"ఒక్క నిమిషం పని" అన్నాడు పాపారావు.

వైరు తీసి గుండీ నొక్కారు. చక్రధరం లేచి కూచున్నాడు. కళ్లు తెరిచాడు. ఎవరూ రాలేదు.

"ఏవండీ, లేచి మొహం కడుక్కోండి" అంది భ్రమరాంబ.

"అర్థం కాలేదు" అన్నాడు చక్రధరం.

"పొట్టిగా చెప్పాలక్కా. మర్యాదలు దానికి తెలీవు."

భ్రమరాంబ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ముప్ఫయ్యేళ్లలో ఎప్పుడూ అనని మాట, గొంతు తగ్గించి అంది. "లే."

ఆయన లేచాడు. "అయ్యింది" అన్నాడు.

ఆ మాట అన్నాక భ్రమరాంబకి సిగ్గేసింది. మధ్యాహ్నానికి సిగ్గు తగ్గింది. సాయంత్రానికి "బట్టలు మడతపెట్టు" దాకా వచ్చింది.

సీమంతం దివ్యంగా జరిగింది. పట్టుపంచె కట్టించి కుర్చీలో కూచోబెడితే చక్రధరం మూడు గంటలు కదల్లేదు. ఎవరి భోజనం మీదా వ్యాఖ్యానించలేదు. రాజ్యలక్ష్మి ఆయన వంక చూసి, "అన్నయ్యగారికి ఎంత నెమ్మది వచ్చిందో, దేవుడి దయ" అంది. ఆవిడ తెచ్చిన స్వీట్ల డబ్బా ఈసారీ దసరాదే.

శుక్రవారం దాటింది. హైమ పురుటికి పుట్టింట్లోనే ఉండిపోయింది, పురుడయ్యేదాకా ఇంట్లో గొడవలొద్దన్నారు. ఆడపిల్ల పుట్టింది. బారసాలకి అందరూ వస్తారు కదా, అది కానిమ్మన్నారు. బారసాలయ్యాక ఎదురు ఫ్లాటువాళ్ల గృహప్రవేశం వచ్చింది. దానికీ చక్రధరానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. డాక్టరు ఫోన్ చేస్తే, "బస్సు ఎక్కించడం కష్టంగా ఉందండి" అని భ్రమరాంబ చెప్పేది. వారానికోసారి పాపారావు 'అంతా బాగుంది' అని మెసేజ్ పెట్టి, రెండు చేతులు జోడించిన బొమ్మ తగిలించేవాడు.

నిజానికి అంతా బాగానే ఉంది. చక్రధరం కూరగాయలు తరిగేవాడు. లిఫ్టు పాడైతే గ్యాస్ సిలిండరు నాలుగో అంతస్తుకి మోసేవాడు. "ఊపు" అంటే మనవరాలి ఉయ్యాల ఊపుతూనే ఉండేవాడు, "ఆపు" అనడం మర్చిపోతే మధ్యాహ్నం దాకా. పాపారావు వచ్చినప్పుడల్లా తడితువ్వాలు ఆయన భుజం మీద ఆరేసి, "బావా, కదలకు, ఎండ నీ వైపే ఉంది" అనేవాడు.

ఎదురుగా మనిషి ఉన్నాడన్న బెరుకు పోయాక అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. భ్రమరాంబ ఆయన పక్కనే కూచుని ఫోన్లో అక్కతో మాట్లాడేది. "పెళ్లయినప్పట్నుంచీ ఇదేనే నేను సుఖపడ్డ సంవత్సరం. ఫ్యాను కింద కూచుని టీ తాగుతున్నాను. నిజం చెప్తున్నాను, ఆ స్టూలుకి కొబ్బరికాయ కొట్టాలనిపిస్తోంది."

హైమ పసిపిల్లకి పాలు పడుతూ అనేది. "నాన్న ఇలా ఉంటే చిన్నప్పుడు నేను కూడా పక్కన కూచునేదాన్ని. అప్పుడు ఈయన్ని చూస్తే గోడకి నక్కేదాన్ని. అలా అని ఇప్పుడేం ప్రేమ పుట్టుకురాలేదులే."

ఒక్కోరోజు భ్రమరాంబకి మనసు పీకేది. ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూచుని, ఆ కళ్లలోకి చూసేది. "సీలు వేసేలోపు లేపేస్తానండీ. మీరు పడుకోండి ఈలోపు" అని చెప్పేది.

"అర్థం కాలేదు" అనేవాడు చక్రధరం.

సీలు రోజు మధ్యాహ్నం రెండింటికి నలుగురూ ల్యాబుకెళ్లారు. పసిపిల్లని రాజ్యలక్ష్మి దగ్గర ఉంచి వచ్చారు. భ్రమరాంబ జరీ చీర కట్టుకుంది. మొగుణ్ణి లేపడానికి మనస్ఫూర్తిగానే వచ్చింది, అన్నప్రాశన ఒక్కటి వచ్చే వారం ఉందన్న సంగతి తప్ప మరే అభ్యంతరం లేదు.

"చిన్న మార్పు చేశామండి ఫైల్లో. బావని కొన్నాళ్లు నిద్రలో పెట్టాం" అన్నాడు పాపారావు, పరీక్షలో పేపరు తనే రాసి తనే దిద్దుకున్నవాడిలా.

జ్ఞానసుందరి వైరు కలిపింది. ఫైలు చూసింది. తర్వాత ఆ కంప్యూటర్ రోజూ రాసుకునే చిట్టా తెరిచి చాలాసేపు కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా అవే మూడు లైన్లు వస్తున్నాయి. తెర మొదలైంది. చూపించడానికి చోటు లేదు. ఎదురుచూస్తోంది. పక్కన తారీఖు, టైము. ప్రతి పొద్దుటా ఆరింటికి, పాలు పొంగే వేళకి.

"పాపారావు గారూ, మీ ఇంట్లో టీవీకి బొమ్మ రాకుండా స్క్రీను పీకేస్తే, స్టూడియోలో వార్తలు చదివేవాడు ఆగిపోతాడా?"

"ఎందుకాగుతాడండి."

"మీరు చేసింది అదే. పైలైను ఆపాలి. కిందది ఆపారు." ఆవిడ భ్రమరాంబ వైపు తిరిగింది. "ఈయన రోజూ లేచారమ్మా. మూడు వందల నలభై పొద్దులు. అన్నీ చూశారు, అన్నీ విన్నారు. మొహం కదపడానికి, మాట్లాడడానికి మాత్రం దారి లేదు."

భ్రమరాంబ మొగుడి కళ్ల వంక చూడబోయి, చూపు తిప్పేసుకుంది.

"మరి ఆ నొప్పి" అంది భ్రమరాంబ. "వెలుతురు నొప్పి అన్నారే."

"రెండు వారాలే వచ్చారు కదమ్మా. మిగతాది ఎవరు తగ్గించారు?"

హైమ గోడకి ఆనుకుంది. పాపారావు ఫైలు వంక వంగి, అచ్చుతప్పు వెతుకుతున్నట్టు చూశాడు.

"ఇప్పటికైనా మించిపోలేదు" అంది డాక్టరు. "కిందిలైను మారిస్తే రెండు నిమిషాల్లో బయటికొస్తారు. మాట్లాడతారు. వెలుతురు కూడా ఇప్పుడే తగ్గించేస్తాను. అది వద్దనుకుంటే పైలైను ఆపాలి, అప్పుడు నిజంగానే నిద్రపోతారు, ఇక లేవరు, నొప్పీ ఉండదు. రెంట్లో ఏదైనా మీరే సంతకం పెట్టాలి. నాలుగింటికి సీలు."

"పది నిమిషాలు మాట్లాడుకుంటామండి" అంది భ్రమరాంబ.

అలవాటు కొద్దీ చక్రధరాన్ని కూడా వరండాలోకి తెచ్చుకున్నారు. బెంచీ మీద కూచోబెట్టి, చుట్టూ నిలబడి, నోరు తెరిచారు. మూసుకున్నారు.

"నాన్నని లోపల కూచోబెట్టి రా మావయ్యా" అంది హైమ.

పాపారావు బావ భుజం పట్టుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి రెండు చేతులతో, జాగ్రత్తగా. లోపల కూచోబెట్టి, తలుపేసి వచ్చాడు.

"నేనైతే పెద్దగా ఏం అనలేదు" అన్నాడు. "తువ్వాలు ఒక్కటే."

"మా పెళ్లికి నాన్న నీకు పెట్టిన బట్టలు గుమాస్తా బట్టల్లా ఉన్నాయని మూడుసార్లన్నావు."

"నువ్వు నాన్నంటే ప్రేమ పుట్టలేదన్నావు."

"అది మనసులో మాట. నీది వెటకారం."

"మనసులో మాటే ఎక్కువ గుచ్చుకుంటుందే, పిచ్చిదానా."

భ్రమరాంబకి తను ఫోన్లో అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తున్నాయి. స్టూలు, కొబ్బరికాయ. ఆయన పక్కనే కూచుని, ఆయన మోకాలి మీద టీ కప్పు పెట్టి అన్న మాటలు.

"తెరిస్తే ఏమంటారంటావు మొదట?" అంది హైమ.

"మీ నాన్న గురించి తెలీదా. మొదటి రోజు నుంచి తారీఖులతో సహా చెప్తాడు" అన్నాడు పాపారావు. "మీ అత్తగారి ముందు కూడా. అన్నప్రాశనకి."

"పోనీ ఆ పైలైను ఆపించేస్తే? నొప్పి లేకుండా ఉంటారు కదమ్మా."

భ్రమరాంబ తలెత్తింది. "నా నోటితో నా మొగుణ్ణి ఆపెయ్యమని చెప్పనా? సంతకం పెట్టడానికి చేతులెలా వస్తాయే? పసుపు కుంకాలతో ఉన్నదాన్ని."

"అయితే తెరిపించెయ్యి."

"అదీ" అని భ్రమరాంబ ఆగింది. వరండా చివర గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. తను ఆయన కళ్లలోకి చూడగలదా అని ఆలోచించుకుంది. ఆయన కోపం పరవాలేదు, ముప్ఫయ్యేళ్ల అలవాటు. కోప్పడకుండా ఊరికే చూశాడంటే ఎలా, అన్నది ఆమె భయం. ఆ చూపుతో రోజూ పొద్దున్నే కాఫీ తాగాలి. "అదీ పాపమేనే. ఇంత బాధపడ్డ మనిషిని పైకి లాగి, ఇంకా బాధపెట్టడం."

అంతకన్నా మంచి మాట ఎవరికీ దొరకలేదు. ముగ్గురికీ కొంచెం తేలిగ్గా అనిపించింది.

లోపలికెళ్లి భ్రమరాంబ కుర్చీలో నిటారుగా కూచుంది. "మేం ఏదీ చెయ్యదల్చుకోలేదండి. చంపడానికి మేమెవరం, తెరవడానికి మేమెవరం. దేవుడెలా ఉంచితే అలా ఉండనివ్వండి."

"ఇలా ఉంచింది దేవుడు కాదమ్మా. మీ తమ్ముడు."

"ఏదైతేనేం. మార్చకండి."

"కనీసం వెలుతురు తగ్గించనా?"

పాపారావు ముందుకొంగాడు. "అది మారిస్తే ఇంకేదైనా కదులుతుందేమోనండి. బాగా నడుస్తున్న సెట్టింగు."

జ్ఞానసుందరి ఫారం వాళ్ల ముందుకి జరిపింది. 'యథాతథం' అన్న గడి ఒకటి అడుగున ఉంది. ఇంతవరకూ ఎవరూ దాన్ని నింపలేదు. భ్రమరాంబ కళ్లజోడు పెట్టుకుని, పేరు తప్పు పడకుండా, సంతకం చేసింది. పక్క కుర్చీలో చక్రధరం ఎదురుగోడ వంక చూస్తున్నాడు. నాలుగింటికి డాక్టరు ఆయన చెవి వెనక సీలు వేసింది. చిటికె వేసినంత చప్పుడైంది. వేసిన చెయ్యి ఆవిడ చాలాసేపు అక్కడే ఉంచింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మర్యాద పెరిగింది. ఆటోలో తిరిగొస్తున్నప్పుడే పాపారావు, "బావలాంటి మనిషి వెయ్యిళ్లు వెతికినా దొరకడు" అని గట్టిగా అన్నాడు. హైమ రోజూ పిల్లని తెచ్చి ఆయన ఒళ్లో కూచోబెట్టి, "తాతయ్యంటే అమ్మకి చాలా ప్రేమ" అని పిల్లకి చెప్పేది. భ్రమరాంబ అక్క ఫోన్ చేస్తే, "ఆయన లేకపోతే నేను లేనే" అని హాలు నాలుగు మూలలకీ వినపడేలా జవాబిచ్చి, ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచేది. అన్నప్రాశనకి వచ్చినవాళ్లు ఇంత అన్యోన్యమైన కుటుంబాన్ని చూడలేదన్నారు. చక్రధరాన్ని ముందు వరసలో కూచోబెట్టి, అందరూ ఒక్కొక్కరే వచ్చి ఆయన గురించి ఆయనకే మంచి మాటలు చెప్పి వెళ్లారు.

అసలు మాటలు ఆడుకోవాలంటే మాత్రం అందరూ వంటింట్లోకే చేరాలి. ఒకళ్లు స్టవ్ పక్కన, ఒకళ్లు సింకు మీద ఒరిగి, పాపారావు ఫ్రిజ్‌కీ గోడకీ మధ్యన పక్కకి తిరిగి నిలబడేవాడు. అన్నప్రాశన రోజు సాయంత్రం రాజ్యలక్ష్మి తెచ్చిన స్వీట్ల డబ్బా గురించి మాట్లాడుకోవడానికి కూడా చోటు చాల్లేదు.

"ఇలా కాదక్కా, బాల్కనీకి గ్రిల్లు పెట్టించి, అద్దాలు బిగించి గది చేసేద్దాం. కుర్చీలేసుకుని కూచోవచ్చు" అన్నాడు పాపారావు.

భ్రమరాంబ హాలు వైపు ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"తలుపు మాత్రం టేకుది పెట్టించు. ప్లైవుడ్ అయితే చప్పుడు వినపడుతుంది."